కోహిమా కొండ మీద ముత్తాత పేరు

దీమాపూర్ రైల్వే స్టేషన్ బయట కోహిమా వెళ్ళే షేర్ సుమోలు దొరుకుతాయి. దూరం 74 కిలోమీటర్లు, అంటే 46 మైళ్ళు. 1944లో, రెండో ప్రపంచ యుద్ధంలో, కోహిమా దగ్గర జపాన్ సేనలతో పోరాడిన బ్రిటిష్ ఇండియా సైన్యం ఈ దారిని దీమాపూర్ నుంచి మైళ్ళలోనే లెక్కపెట్టేది. కోహిమా వైపు నుంచీ ఇంఫాల్ వైపు నుంచీ వచ్చిన ఆ సైన్యం దళాలు జూన్ 22న కలుసుకున్నది 109వ మైలు దగ్గర. మద్రాస్ సాపర్ (సైన్యంలో రోడ్లు, వంతెనలు వేసే ఇంజనీరింగ్ దళం సైనికుడు) అయిన మా ముత్తాత పనంతా ఈ రోడ్డు మీదే. ఆ యుద్ధకాలంలో పోయిన ఆయన పేరు కోహిమా సైనిక స్మశానంలో ఉంది; మీ ఇంటి సైనికుడి పేరు అలా వెతుక్కోవాలంటే ఏం చేయాలో చెబుతాను. పాగ్లా పహాడ్ దగ్గర వానాకాలంలో ఇప్పటికీ కొండచరియలు విరిగిపడతాయి. సాపర్లకు తుపాకీతో పాటు పలుగూ పారా ఎందుకు ఇచ్చారో ఆ కొండ వాలు చూస్తే తెలుస్తుంది.

అక్టోబరు, మార్చి నెలల మధ్య వెళ్ళడం మేలు. డిసెంబరు 1 నుంచి 10 దాకా హార్న్‌బిల్ పండగ, గదులు దొరకడం కష్టం. ఆదివారం కొట్లు మూసేస్తారు. చలికాలం నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి స్మశానానికి పొద్దున్నే వెళ్ళాలి. నాగాలాండ్‌లో అడుగుపెట్టడానికి మనకు ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాల వాళ్ళు లోపలికి వెళ్ళడానికి ఇచ్చే అనుమతి పత్రం) కావాలి. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు.

సైన్యం ఆ సైనికుడికి ఇచ్చిన సర్వీసు నెంబరు తెలియకుండా మాత్రం అంత దూరం వెళ్ళొద్దు. ఇంట్లో పాత పతకాలుంటే ముందు వాటినే చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకిచ్చిన పతకాల మీద పేర్లు ఉండవు, మన సైనికులకిచ్చిన వాటి మీద నెంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. గుండ్రటి పతకానికి అంచు మీద, నక్షత్రానికి వెనక వైపు. చింతపండు పెట్టి తోమారంటే ఆ అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, ఏటవాలుగా టార్చి వేసి చదవాలి.

తర్వాత, యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులనూ పేర్ల రిజిస్టర్లనూ చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో వెతకాలి. ఇంటిపేరు గడిలో మన ఇంటిపేరు కొడితే చాలాసార్లు ఏమీ రాదు. గుమాస్తాలు సైనికుడి సొంత పేరునే ఆ గడిలో రాసుకున్నారు, ఇంటిపేరు పొడి అక్షరంగానైనా ఉండకపోవచ్చు. అప్పన్నలో ఎన్ ఒకటా రెండా, చివర అయ్య అంటే వై పెట్టారా ఐ పెట్టారా, అన్నీ మార్చి మార్చి చూడాలి. అదనపు సమాచారం గడిలో ఊరి పేరు కొట్టడం ఇంకా మంచి దారి. జిల్లా మాత్రం ఆనాటిది ఇవ్వాలి. శ్రీకాకుళం 1950లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. శ్రీకాకుళం వాళ్ళు విశాఖపట్నం కింద, అదీ 'వైజాగపటం' అన్న పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో, వెతకాలి.

కోహిమా వార్ సిమెట్రీ ఊరి మధ్యలో, గ్యారిసన్ హిల్ మీద ఉంది. 1,420 సమాధులు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఘోరంగా పోరాటం జరిగిన డిప్యూటీ కమిషనర్ (ఆనాటి జిల్లా అధికారి) బంగళా టెన్నిస్ కోర్టు గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. వచ్చినవాళ్ళు చాలామంది అక్కడిదాకా చూసి తిరిగిపోతారు. హిందువుల పేర్ల కోసమైతే ఇంకా పైకి ఎక్కాలి. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అన్నిటికన్నా పైన ఉన్న స్మారకం మీద ఉన్నాయి. ముస్లిం సైనికులవి సమాధులు. పేర్లు దళాల వారీగా ఉంటాయి కాబట్టి సాపర్లకైతే ముందు ఇండియన్ ఇంజనీర్స్ అన్న చోటికి వెళ్ళి, అక్కడ హోదా చూసుకోవాలి. మా ముత్తాత పేరు అలాగే దొరికింది. పూలు పెట్టొచ్చు. పసుపు, కుంకుమ, నూనె ఫలకానికి అంటించొద్దు, మరక వదలదు.

ఫలకం మీద ఉండేది పేరూ హోదానే. కుటుంబం వివరాలు కమిషన్ రిజిస్టరులో ఉంటాయి: ఫలానా వారి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు. ఆ ముద్రించిన పేజీ ఇంటి దగ్గరే ప్రింటు తీసుకెళ్ళి పేరు ముందు నిలబడి చదవాలని నా గట్టి అభిప్రాయం. పొలం పట్టాల్లోనూ శిలాఫలకాల్లోనూ కనిపించని ముత్తవ్వ పేరు అక్కడ అచ్చులో ఉంది. సైనికుడి జీవితం రాసేవాళ్ళు ఆమెను వదిలేయకూడదు. పిల్లల్ని పెంచిందీ, పొలం నిలబెట్టిందీ ఆమే.

చనిపోయిన తేదీని కూడా జాగ్రత్తగా చదవాలి. కోహిమా యుద్ధం 1944 ఏప్రిల్ 4న మొదలై జూన్ 22న ముగిసింది. తేదీ ఆ రోజులకు బయట ఉంటే 'కోహిమా పోరులో నేలకొరిగాడు' అని వంశవృక్షంలో రాయొద్దు. బర్మా సరిహద్దులో మలేరియా, విరేచనాలు తూటాలకన్నా ఎక్కువమందిని ఆసుపత్రి పాలు చేశాయి. ఎలా పోయాడన్నది రిజిస్టరు సాధారణంగా చెప్పదు.

దానికోసం ఆయన దళం రికార్డుల ఆఫీసుకు రాయాలి. మద్రాస్ సాపర్లకు బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్. నెంబరు, హోదా, దళం, చనిపోయిన తేదీ, వారసులమని చూపే కాగితం జతచేయాలి. ఉత్తరం ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగొచ్చు.