మైకు పర్మిషన్ కోసం తిరిగిన ఆగమన కాలం: నా అనుభవం

ఈ రోజు 2025 డిసెంబరు 22. మొన్న శనివారం రాత్రి మా స్కూలు కార్యక్రమం అయిపోయింది. కాళ్ల నొప్పులు తగ్గలేదు, పోయిన గొంతు ఇంకా రాలేదు. కానీ ఇప్పుడే రాయాలి. కోపం చల్లారాక రాస్తే మర్యాద కోసం సగం విషయాలు మింగేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

కృష్ణా డెల్టాలో ఒక చిన్న టౌన్లో, సిస్టర్లు నడిపే హైస్కూల్లో తెలుగు టీచర్ని. 22 ఏళ్లుగా అక్కడే. పిల్లలు 640 మంది. అందులో కథోలికులు 200 మంది కూడా లేరు. మిగతావాళ్లు హిందువులు, ముస్లింలు, వేరే సంఘాల క్రైస్తవులు.

అందరికీ సంవత్సరం డిసెంబరు 31న అయిపోతుంది. తిరుసభ (కథోలిక చర్చి) సంవత్సరం మాత్రం క్రీస్తురాజు పండుగ వారంతో ముందే పూర్తవుతుంది. ఈసారి ఆ పండుగ నవంబరు 23న వచ్చింది. 11వ పయస్ పోపుగారు దాన్ని ఏర్పాటు చేసింది 1925లో కాబట్టి ఇది నూరో ఏడు. నవంబరు 30 ఆదివారం నుంచి ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు, మొదలైంది. వీటికి తోడు జూబిలీ, అంటే తిరుసభ జరుపుకునే పవిత్ర సంవత్సరం, ముగింపు ఒకటి. 2024 క్రిస్మస్ ముందు రాత్రి ఫ్రాన్సిస్ పోపుగారు రోములో సెయింట్ పీటర్స్ గుడి పవిత్ర ద్వారం తెరిచి జూబిలీని మొదలుపెట్టారు. ఏప్రిల్లో ఆయన కన్నుమూశారు. వచ్చే జనవరి 6న 14వ లియో పోపుగారు ఆ ద్వారం మూస్తారు. మేత్రాసనాల్లో (బిషప్పుల పరిధుల్లో) ముగింపు పూజ డిసెంబరు 28నే. ఆ తర్వాత 31 రాత్రి కృతజ్ఞతా పూజ, ఒకటో తారీఖు దేవమాత పండుగ. ఇన్నీ ఒక్క నెలలో పడితే, హెచ్ఎం సిస్టర్ స్కూలు తరఫు బాధ్యత అంతా నాకు అప్పగించారు.

మొదటి పనులు సులువుగానే అయ్యాయి. పాత సైకిల్ రిమ్ముకి సరుగుడు రెమ్మలు చుట్టి ఆగమన వలయం కట్టాం, ఆదివారానికొకటి చొప్పున నాలుగు కొవ్వొత్తులు దాని మీద వెలిగిస్తాం. ఊదారంగు కొవ్వొత్తులు మూడు దొరికాయి. మూడో ఆదివారం వెలిగించే గులాబీ రంగుది దొరక్కపోతే ఎనిమిదో తరగతి పిల్లలు తెల్ల కొవ్వొత్తి కరిగించి, క్రేయాన్ ముక్కలు కలిపి పోసేశారు. పశువుల పాకకి గడ్డి అడగకుండానే వచ్చింది, కోతల కాలం కదా. పాకలో ఖాళీ తొట్టె పెట్టి పిల్లలకి ఒక మాట చెప్పాం: మంచిపని చేసిన ప్రతివాళ్లూ ఒక గడ్డిపరక తెచ్చి అందులో వేయాలి, బాలయేసు పడుకునే చోటు మెత్తగా ఉండాలి. ఇది మేం కనిపెట్టింది కాదు, చాలాచోట్ల ఉన్న అలవాటే. కానీ మా పిల్లలు చేసినంత శ్రద్ధగా ఎక్కడా చేయరని గట్టిగా చెప్పగలను. రెండో తరగతి పాప ఒకతె రోజూ ఉదయం పరక పట్టుకొచ్చి, ఏం మంచిపని చేసిందో నా చెవిలో చెప్పి మరీ వేసేది.

అక్టోబరు 28 రాత్రి మోంథా తుపానుకి మా చుట్టుపక్కల వరి నేలకొరిగింది. పిల్లల్లో చాలామంది కౌలు రైతుల బిడ్డలు. అందుకని ఈసారి లైట్ల సెట్టింగు, స్టేజీ డెకరేషన్ మానేసి, కలిగినవాళ్లు బియ్యం తేవాలని నోటీసు పంపాం. 412 కిలోలు వచ్చాయి.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. డిసెంబరు వస్తే చాలు, మన దగ్గర ఆఫీసుల్లో, కాలేజీల్లో సెమీ క్రిస్మస్ అని కేకులు కోసేస్తున్నారు. సెలవులకి ముందు అందరూ కలవాలన్న కోరిక మంచిదే, కాదనను. కానీ ఆగమన కాలం అంటే ఎదురుచూడటం. ఆదివారం పూజలో మహిమ గీతం కూడా పాడకుండా ఆపుకుంటాం. ఇరవై రోజుల ముందే బాలయేసుని తెచ్చి తొట్టెలో పెట్టేస్తే పిల్లలకి ఎదురుచూడటం ఎవరు నేర్పుతారు? అడిగిన వెంటనే అన్నీ చేతికొచ్చే కాలంలో పెరుగుతున్నారు వాళ్లు. స్టాఫ్ మీటింగులో ఈ మాట మీద గంటసేపు వాదించాను. చివరికి సిస్టర్ ఒప్పుకున్నారు. 20వ తేదీ సాయంత్రం నాటిక ఉంటుంది. మరియమ్మ, యోసేపు బేత్లెహేములో తలుపులు తడుతూ తిరగడంతో అది ఆగిపోతుంది. బిడ్డ పుట్టడం చూపించం.

గ్రౌండ్‌లో ఆరేడు వందల మంది తల్లిదండ్రులు కూర్చుంటారు. పిల్లల గొంతు వెనక వరస దాకా వెళ్లాలంటే మైకు కావాలి. మైకుకి పోలీసు పర్మిషన్ కావాలి. ఇన్నేళ్లూ అది పీఈటీ సారు చూసుకునేవారు. జూన్‌లో ఆయన రిటైరయ్యారు. దాంతో ఆ పని నాకొచ్చింది.

డిసెంబరు 5న స్టేషన్‌కి వెళ్లాను. రైటర్ గారు కాగితం చూసి, బాక్సులు ఎన్ని, ఎన్ని వాట్లు, మైకుసెట్ ఓనర్ ఎవరు, అతని ఆధార్ ఏది అని అడిగారు. అవన్నీ సాయంత్రానికి తెచ్చిచ్చాను. అప్పుడు, "స్కూలు కదా మేడం, సైలెన్స్ జోన్‌లోకి వస్తుంది, మేం ఇవ్వలేం, పైఆఫీసుకి వెళ్లండి" అన్నారు.

8న పైఆఫీసుకి వెళ్లాను. ఆ రోజు మరియమ్మ పండుగ, నిష్కళంక మాత పండుగ. పూజ వదులుకుని వెళ్లాను. వెళ్లాక తెలిసింది, సోమవారం అర్జీల రోజని, ఆఫీసరు కలెక్టరేట్‌లో ఉంటారని. ఆ మాట ముందురోజు ఫోన్లో అడిగినప్పుడు చెప్పి ఉండొచ్చు. మధ్యాహ్నం మూడు దాకా బెంచీ మీద కూర్చుని వచ్చేశాను.

10వ తేదీ బుధవారం మళ్లీ వెళ్లాను. ఈ రాతంతా ఆ రోజు గురించే.

అక్కడ సెక్షన్‌లో ఒక ఉద్యోగి ఉన్నారు. వయసులో నాకంటే పదేళ్లు చిన్న. నా కాగితం తీసుకుని చదవకుండానే అడిగారు.

"ఇది మత కార్యక్రమమా, స్కూలు కార్యక్రమమా?"

"రెండూనండి."

"రెండూ అంటే కుదరదు. ఒకటి చెప్పండి. మతమైతే మీరెందుకొచ్చారు, చర్చివాళ్లు రావాలి. స్కూలైతే సైలెన్స్ జోన్, మైకు లేదు."

ఏది చెప్పినా తలుపు మూసుకునేలా ఉంది ఆ ప్రశ్న. మాది సిస్టర్ల స్కూలనీ, ఆగమన కాలం మా స్కూలు జీవితంలో భాగమనీ, నాటిక వేసేది పిల్లలేననీ చెప్పబోయాను. మధ్యలోనే ఆపి, "పిల్లల్లో క్రిస్టియన్లు ఎంతమంది?" అన్నారు. దాచాల్సిన పనేముంది, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, హాలంతా వినపడేలా అన్నారు: "అంటే నాలుగు వందల మంది వేరే మతం పిల్లల్ని పోగేసి యేసు పాటలు పాడిస్తారు. దానికి మేం మైకు ఇవ్వాలి. మార్చడానికే కదా ఇదంతా?"

హాల్లో పదిమంది దాకా ఉన్నారు. అందరూ తిరిగి చూశారు. వాళ్లలో మా తొమ్మిదో తరగతి అమ్మాయి నాన్నగారు ఒకరు. ఏదో వెరిఫికేషన్ కోసం వచ్చి కూర్చున్నారు. నన్ను చూశారు. తర్వాత తల దించి ఫోన్ చూసుకున్నారు.

నాకు నోట మాట రాలేదు. 22 ఏళ్లుగా నలభై మంది పిల్లల ముందు నిలబడి పోతన పద్యాలు చెప్పే మనిషిని. శ్రీరామనవమికి మా స్కూలు పిల్లలు ఊళ్లో పద్యాల పోటీలో బహుమతులు తెస్తే, వాళ్లకి నేర్పింది నేనే. అలాంటి నాకు, "మార్చడానికే కదా" అన్న మాటకి ఒక్క జవాబూ రాలేదు. ఆయన కాగితాన్ని నావైపు తోశారు. అది బల్ల అంచు దాటి కింద పడింది. వంగి తీసుకున్నాను. ఆ వంగడమే ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు.

బస్సులో కిటికీ పక్క కూర్చుని ముఖం బయటికి తిప్పుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు హెచ్ఎం సిస్టర్‌కి చెబితే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "ఇదీ ఆగమన కాలమే అనుకో అమ్మా, ఎదురుచూడటమేగా" అన్నారు. ఆవిడంటే నాకు ప్రాణం. అయినా ఒప్పుకోలేదు. "కాదు సిస్టర్, దేవుడి కోసం ఎదురుచూస్తుంటే మనసు పెద్దదవుతుంది. ఆ బెంచీ మీద కూర్చుంటే మనిషి చిన్నబోతుంది. ఆ రెండూ ఒకటి కాదు" అన్నాను. 14న మూడో ఆదివారం. సంతోషించండి అని తిరుసభ చెప్పే రోజు. పిల్లలు పోసిన గులాబీ రంగు కొవ్వొత్తి గుళ్లో వెలిగింది. దాన్ని చూస్తూ కూడా నాకు సంతోషం రాలేదు.

ఆ రాత్రి నుంచి నేనే చదవడం మొదలుపెట్టాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చూశాను. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా చెప్పారు. అది ఎందుకు? బయటి గోల వల్ల పిల్లల చదువు చెడకూడదని. శనివారం సాయంత్రం బడి వదిలాక, ఆ పిల్లలే తమ గ్రౌండ్‌లో నాటిక వేసుకుంటే ఎవరి చదువు చెడుతుంది? ఇక రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు ఉండకూడదు. మేం అడిగింది ఆరు నుంచి తొమ్మిదిన్నర. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు కూడా చదివాను. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఎవరినీ, మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి లేకుండా, మతబోధకో ప్రార్థనకో కూర్చోబెట్టకూడదు. మా స్కూల్లో ఎన్నో ఏళ్లుగా జరుగుతున్నదే అది. సత్యోపదేశం, అంటే మతబోధ, క్లాసు కథోలిక పిల్లలకే. ఆ గంటలో మిగతావాళ్లకి నీతిబోధ. ఏ కార్యక్రమంలో చేరాలన్నా జూన్‌లోనే తల్లిదండ్రుల దగ్గర ఉత్తరం తీసుకుంటాం. ఆ ఉత్తరాలన్నీ బీరువాలోంచి తీసి, రెండు సాయంత్రాలు కూర్చుని తరగతుల వారీగా ఫైలు కట్టాను.

ఆ ఫైలులోకి కొత్తగా ఒక ఉత్తరం చేరింది. ఆ రోజు హాల్లో తల దించుకున్న నాన్నగారు స్కూలుకి వచ్చారు. వాళ్ల అమ్మాయే నాటికలో మరియమ్మ. "మా అమ్మాయి ఇష్టపడి వేస్తోంది, మాకూ ఇష్టమే" అని చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చారు. "ఆ రోజు మాట్లాడలేకపోయాను టీచర్‌గారూ" అన్నారు. తీసుకున్నాను, దండం పెట్టాను. కానీ ఆ మాట అక్కడే, ఆ హాల్లోనే వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

18న ఫైలుతో వెళ్లాను. ఆ ఉద్యోగి సెలవులో ఉన్నారు. ఆఫీసరుగారే బయటికి వస్తూ నన్ను చూసి, ఏమిటమ్మా అని కాగితం తీసుకున్నారు. నిలబడే రెండు నిమిషాలు చదివారు. ఫైలు తెరవనే లేదు. రెండు బాక్సులే పెట్టాలి, తొమ్మిదిన్నరకి ఆపాలి అని రాసి సంతకం చేశారు. "ఇంత చిన్నదానికి ఇన్నిసార్లు ఎందుకు తిరిగారమ్మా?" అన్నారు. ఆయన మంచిగానే అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర కాదు, వాళ్ల ఆఫీసులోనే ఉంది.

ఈ పని మీద పడినవాళ్లకి నాకు తెలిసింది చెబుతున్నాను. పదిహేను రోజుల ముందే దరఖాస్తు ఇవ్వండి. సోమవారం వెళ్లకండి. హెచ్ఎం సంతకం కింద స్టాంపు, మైకుసెట్ ఓనర్ ఆధార్ జిరాక్సు, బాక్సుల సంఖ్య, మొదలుపెట్టే టైము, ఆపే టైము మొదటి కాగితంలోనే ఉండాలి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగండి, విసుక్కున్నా సరే అడగండి. ఒంటరిగా వెళ్లకండి, ముఖ్యంగా ఆడవాళ్లు. ఎవరైనా మతం గురించి అడ్డంగా మాట్లాడితే నాలా మౌనంగా ఉండకండి. ఆ మాట కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి.

శనివారం ఆరింటికి మొదలైంది. గ్రౌండ్ నిండింది. యోసేపు మూడు తలుపులు తట్టాడు. చోటు లేదు అనే సత్రం యజమాని వేషం ఏడో తరగతి ముస్లిం కుర్రాడిది. రిహార్సల్ మొదలైన రోజు నుంచీ ఆ మాట అనడానికి వాడికి ఇష్టం లేదు. తలుపు మూస్తూ గొంతు పట్టేసింది. వెనక వరసలో ఉన్న ముసలమ్మలకి కూడా ఆ గొంతు వినపడింది. తొమ్మిది ఇరవైకి మైకు ఆపించాను.

పర్మిషన్ కాగితం, దరఖాస్తు నకలు, ఉత్తరాల ఫైలు స్టాఫ్‌రూమ్ బీరువా రెండో అరలో పెట్టి పైన పెద్ద అక్షరాలతో రాశాను, వచ్చే ఏడు ఎవరు చేసినా వెతుక్కోకుండా. బియ్యం బస్తాలు రేపు పంచుతాం. పాకలో తొట్టె గడ్డితో నిండిపోయి పక్కలకి జారుతోంది. బాలయేసు బొమ్మ సిస్టర్ల గదిలో గుడ్డలో చుట్టి ఉంది. 24 రాత్రి పూజకి ముందు ఎవరూ తెచ్చి పెట్టకూడదని వాచ్‌మన్‌కి రెండుసార్లు చెప్పి, తాళం ఇచ్చి వచ్చాను.