బోధిధర్ముణ్ణి కాసేపు పక్కన పెట్టి, మా బు (హార్స్ స్టాన్స్)లో నిలబడదాం

కుంగ్‌ఫూ మాట ఎత్తితే మనవైపు ముందొచ్చే పేరు బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు. దక్షిణ భారతం నుంచి వెళ్లి చైనాలోని షావోలిన్ మఠం సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడంటారు. మనవాడన్న అభిమానం నాకూ ఉంది, కానీ ఆధారాలు ఆ మాట చెప్పవు. ఆయన పేరున చలామణీ అయ్యే వ్యాయామ గ్రంథం 'యీ జిన్ జింగ్' 1624 నాటిది, అంటే ఆయన తర్వాత వెయ్యేళ్లకు పుట్టింది. 621లో షావోలిన్ సన్యాసులు తర్వాత టాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్ పక్షాన యుద్ధానికి దిగారని 728 నాటి శాసనం చెబుతుంది. అందులోనూ పోరు పద్ధతుల ఊసు లేదు. మింగ్ రాజుల కాలంలో ఆ మఠానికి పేరు తెచ్చింది పిడికిలి కాదు, కర్ర. కర్రసాము ఎరిగిన గుంటూరు జిల్లా వాళ్లకు ఈ సంగతి ఇంకా దగ్గరగా అనిపించాలి.

"దక్షిణాన పిడికిలి, ఉత్తరాన కాలు" అని చైనాలో ఒక నానుడి. ఉత్తరాది చాంగ్‌చువాన్ శైలిలో అంగలు పెద్దవి, గెంతులు, ఎత్తు కిక్కులు ఎక్కువ. దక్షిణాది హుంగ్ గార్, వింగ్ చున్ శైలుల్లో పని చాలావరకు దగ్గర్నుంచి, చేతులతోనే. అయితే ఇది మోటు లెక్కే, హుంగ్ గార్‌లోనూ కిక్కులున్నాయి. నెమ్మది కదలికల తాయ్‌చీ మూలాలు హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ అనే పల్లెలో, 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌టింగ్ దగ్గర దొరుకుతాయి. పార్కుల్లో కనిపించే 24 భంగిమల తాయ్‌చీ మాత్రం 1956లో కుదించి తయారుచేసింది.

ఏ శైలికి వెళ్లినా చాలాచోట్ల మొదట నిలబెట్టేది మా బులోనే, మనం హార్స్ స్టాన్స్ అంటాం కదా, గుర్రమెక్కినట్టు కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచి నిలబడటం, అదే. చాంగ్‌చువాన్ కొలత ప్రకారం రెండు పాదాల మధ్య దూరం మీ పాదానికి మూడు రెట్లు. కాలివేళ్లు ముందుకు, వెన్ను నిటారుగా, తొడలు నేలకు సమాంతరంగా. కొత్తవాళ్లు అంత కిందికి దిగకూడదు. సగం దిగితే చాలు. 30 సెకన్లు నిలబడి, నిమిషం ఆగి, అలా మూడుసార్లు. వారానికి పది సెకన్లు పెంచండి.

ఎక్కువగా చెడేది మోకాళ్ల దగ్గర. తుంటి బయటి కండరాలు అలసిపోగానే మోకాళ్లు లోపలికి ఒరుగుతాయి, కీలు లోపలి వైపు లాగుడు పడుతుంది. మోకాలు కాలి రెండో వేలి దిశలోనే ఉందో లేదో ఎదుట అద్దం పెట్టుకుని చూసుకోవాలి. మడమలు లేస్తుంటే చీలమండ బిగుసుకుపోయిందన్నమాట. పిరుదులు వెనక్కి పొడుచుకొచ్చి నడుం విల్లులా వంగితే, మీ బలానికి మించి కిందికి దిగినట్టు. నాలుగు అంగుళాలు పైకి లేస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. పళ్లు బిగించి భరించొద్దు. తొడ మండటం మామూలే, మోకాలి లోపల పోటు మాత్రం ఆపమని చెప్పే గుర్తు.

బెజవాడ ఎండలకు ఉదయం ఆరులోపే మొదలుపెట్టాలి. కృష్ణ ఘాట్ల రాతి, సిమెంటు నేల గెంతులకు పనికిరాదు, మట్టి నేల వెతుక్కోండి. నిలకడ సాధనకైతే ఘాట్ కూడా సరిపోతుంది, కానీ తడి మెట్ల మీద వద్దు.