రాజీ కాగితం మీద ఏం రాయాలి

శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతానికని ఇచ్చిన జాకెట్లు బల్ల మీద గుట్టగా పడున్నాయి. నా దగ్గర కుట్టు నేర్చుకుంటున్న పిల్ల మిషను తొక్కుతోంది, నేను హుక్కులు కుడుతున్నా. ఎడమ చేతి సిమెంటు కట్టులోంచి బయటికొచ్చిన వేళ్లు ఇంకా వాచే ఉన్నాయి. వాటి మధ్య హుక్కు నిలవదు. జాకెట్టును మోకాళ్ల మధ్య బిగించుకుని కుడి చేత్తోనే సూది దించాలి. ఒక్కో జాకెట్టుకు ఎంత సేపు పడుతోందో.

అట్లా కూర్చోనుంటే పక్కింటి వదిన వచ్చింది. మా గేటుకు అడ్డంగా బండి పెట్టొద్దన్నందుకు నన్ను హెల్మెట్‌తో కొట్టింది ఆమె కొడుకే. తలకు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాను, ముంజేతి ఎముక విరిగింది. మాటలొచ్చినప్పటి నుంచీ నన్ను అత్తా అని పిలిచిన పిల్లోడు. నా రెండో కాన్పప్పుడు రాత్రంతా నా పక్కన కూర్చున్నది ఈ వదినే. నేను మర్చిపోలేదు. ఆమె గుర్తు చెయ్యనూ లేదు. గుర్తు చేసుంటే కోపమన్నా వచ్చుండేది నాకు.

"కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటా ఉండాడు వదినా. కేసుంటే వెరిఫికేషన్‌లో పోతాది" అంటూ నా కాళ్ల మీదికి వంగబోయింది. పట్టుకుని లేపాను. ఇద్దరమూ ఏడ్చాం. ఏమీ చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం బావగారు వచ్చారు. "325 కేసమ్మా ఇది. ఏండ్లు పడతాది. వాయిదాలకు తిరగలేవు, లాయరుకు పెట్టుకోలేవు. కోర్టులో మెట్ల మీంచి జారి పడినానని ఒక్క మాట చెప్పెయ్, అయిపోతాది. ఆసుపత్రి ఖర్చులు వాళ్లిస్తారులే" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, అందులో నాకు అనుమానం లేదు.

ఆయన చెప్పిన 325 పాత శిక్షల చట్టం ఐపీసీలోది. 2024 జూలై 1 నుంచి జరిగినవాటికి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితే. ఎముక విరిగితే అది తీవ్ర గాయం, సెక్షన్ 117(2), ఏడేళ్ల దాకా జైలు. ఏడేళ్ల వరకు శిక్షుండే కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు కాబట్టి వాడికి నోటీసిచ్చి పంపారు. అది చూసి మా కొర్లగుంట వీధిలో "పిల్లోడు తిరగతానే ఉండాడు, ఇదేం కేసు" అంటున్నారు. లాయరు సంగతి కూడా అంతే. పోలీసు కేసులో మన తరఫున వాదించేది ప్రభుత్వ లాయరు, ఆయనకు మనం పైసా ఇవ్వక్కర్లేదు.

నిన్న 15100కి ఫోన్ చేశాను. న్యాయ సేవల వాళ్ల నంబరు అది. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా సాయం చేస్తారు. నేను రాజీ గురించే అడిగాను. ఈ సెక్షన్‌లో రాజీకి చట్టంలోనే దారుందట. దెబ్బ తిన్న మనిషి ఒప్పుకోవాలి, కోర్టు అనుమతివ్వాలి. అట్లా రాజీ పడితే వాడు నిర్దోషిగా బయటపడినట్టే లెక్క.

అంటే, వాణ్ణి వదిలెయ్యాలన్నా నేను అబద్ధం చెప్పాల్సిన పని లేదు! మరి వచ్చినవాళ్లంతా నన్ను జారి పడ్డానని చెప్పమంటారెందుకు? వాడు జైలుకు పోవాలని నాకు లేదు, నిజంగా లేదు. కానీ కొట్టలేదని మాత్రం నా నోటితో చెప్పలేను. మిషను దగ్గరున్న ఈ పిల్ల, వాళ్ల నాయన వద్దంటున్నా వినకుండా, చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పింది. రుయా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేటప్పుడు కూడా నా పక్కనే నిలబడింది. ఇప్పుడు నేను మాట మారిస్తే కోర్టులో అబద్ధాలకోరయ్యేది ఆ పిల్లే. ఇంకోటి కూడా మనసులో తొలుస్తోంది. రేపు వాడు నిజంగానే కానిస్టేబులై, స్టేషన్లో నాలాంటిదాని కంప్లైంటు రాసుకోవాల్సి వస్తే?

సాయంత్రం నేనే వదిన ఇంటికి పోయాను. వాడు లోపలి గదిలో ఉన్నాడు, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. వాడికీ వినబడేట్టే చెప్పాను. "కోర్టు పిలిస్తే పోతాను, జరిగింది జరిగినట్టు చెప్తాను. రాజీ కావాలంటే ముందు వాడొచ్చి, కొట్టినానని నా ముందర, ఆ పిల్ల ముందర ఒప్పుకోవాల. ఆ తర్వాత కాగితం సంగతి చూస్తాం. అందులో మాత్రం జారి పడినానని ఉండకూడదు." వదిన తల వంచుకునే ఉంది. తలుపు తెరుచుకోలేదు.

రాత్రి మా ఆయనకు చెప్తే "నీ ఇష్టం" అన్నాడు.

"వాయిదాలకు నాతో వస్తారా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించాడు. "అంగడి మూసేసి వస్తాలే. మొదట ఆ ఎఫ్ఐఆర్ కాపీ యాడ పెట్టినావో తియ్" అన్నాడు. ఇద్దరం బీరువా ముందర కూర్చుని వెతికాం.