తేలు కొండి ఉన్న మాటలు

బొమ్మల పుస్తకం చదివి ఏడవడమేంటని మా తమ్ముడు నవ్వాడు కానీ, 'భీమాయన' చదివితే వాడికీ తెలిసేది. 2011లో వచ్చింది, అంబేడ్కర్ జీవితం. బొమ్మలు వేసింది మధ్యప్రదేశ్ ప్రధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ (గోండులు, ప్రధాన్లు మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు, అది వేరే సంగతి).

మామూలు కామిక్స్‌లో ఉండే గళ్ళు ఇందులో ఉండవు. గోండు ఇళ్ళ గోడల మీద, నేల మీద వేసే దిగ్నా ముగ్గులే పేజీని విడదీస్తూ వంకర్లు తిరుగుతూ పోతుంటాయి. మెత్తగా మాట్లాడేవాళ్ళ మాటల బుడగలు పిట్ట ఆకారంలో ఉంటాయి, అంటరానితనాన్ని కక్కే మాటల బుడగలకేమో వెనక తేలు కొండి ఉంటుంది. అది గమనించాక నేను మాటలు చదవడం మానేసి ముందు కొండి ఉందా లేదా అని చూడటం మొదలుపెట్టా!

1901లో చిన్న భీమ్, అంటే అంబేడ్కరే, తోటి పిల్లలతో కలిసి నాన్నని చూడ్డానికి వెళ్తూ మసూర్ స్టేషన్లో దిగితే, అంటరానివాళ్ళుగా చూసే మహర్ కులం పిల్లలని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోడు, చివరికి ఒకడు రెట్టింపు కిరాయి తీసుకుని, బండి మాత్రం మీరే తోలుకోండి అంటాడు. తినడానికి చేతిలో తిండి ఉంది, తాగడానికి నీళ్ళు మాత్రం ఇచ్చేవాళ్ళు లేరు. ఈ సంగతి అంబేడ్కర్ స్వయంగా రాసుకున్నదే, నేను ముందే చదివా. అయినా బొమ్మలో ఆ పిల్లల్ని చూశాక లేచి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చుకుని, చాలాసేపు తాగకుండా కూర్చున్నా.