నాలుగోసారి కూడా 233వ పేజీ దగ్గరే

నిన్న రాత్రి 11:40కి పుస్తకం మూసేశాను. 252వ పేజీలో. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన నవల ఇది. బతుకమ్మ పండుగ వచ్చేసింది, నేనింకా సగానికి చేరలేదు. మొదటి 232 పేజీలు నాకు అంత నచ్చకపోయి ఉంటే ఈపాటికి ఎవరికో ఇచ్చేసేదాన్ని. నచ్చాయి కాబట్టే కోపం.

ముందు ఈ నెలలో అయినవి చెప్పేస్తాను. ప్రతిలిపి యాప్‌లో 64 భాగాల దెయ్యం ప్రేమకథ పూర్తయింది, రివ్యూ ఒక్క కూర్చోవడంలో వచ్చింది. 380 పేజీల వ్యాంపైర్ నవల రెండు రోజుల్లో అయిపోయింది, నాలుగు స్టార్లు.

ఇక ఈ పుస్తకం. పేరు రాయను, పూర్తి చేయని పుస్తకం పేరు బయటపెట్టకూడదన్నది నా నియమం. 612 పేజీలు, ఇంగ్లీషు, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 180 రూపాయలకు కొన్నాను. మూలికల వైద్యం చేసే అమ్మాయి, తోడేలుగా మారే రాజకుమారుడు. ఆమె ఊరిని తగలబెట్టింది అతని సైన్యమే. అతని గాయానికి ఆమె కట్టు కడుతుంది, కానీ దిండు కింద కత్తి పెట్టుకుని పడుకుంటుంది. ఎనిమీస్ టు లవర్స్ కథ, అంటే శత్రువులే ప్రేమికులయ్యే కథ, ఇంత నమ్మకంగా మొదలవడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

మొదటిసారి ఆగినప్పుడు ఎండ అనుకున్నాను. ఏప్రిల్‌లో పాలమూరు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, పైగా మధ్యాహ్నం కరెంటు పోయింది. కానీ నేను చదువుతూ కొన్ని పేజీలకు ఒకసారి ఫోన్‌లో టైమ్ రాసుకుంటాను (కాలేజీలో లెక్కలు చెప్తాను, ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది). తర్వాత ఆ అంకెలు చూస్తే ఎండ సంగతి కాదని తేలింది. 1 నుంచి 180 వరకు గంటకు 44 పేజీలు. 181 నుంచి 232 వరకు 38. 233 నుంచి గంటకు 17. అదే ఎండ, అదే కుర్చీ. వేగం మెల్లగా తగ్గలేదు, ఒక్క పేజీ తిరగేసరికి పడిపోయింది.

రెండోసారి జూన్‌లో, కాచిగూడ వెళ్లే రైల్లో. జడ్చర్లలో 228వ పేజీ తెరిచాను, షాద్‌నగర్ వచ్చేసరికి 239. అంతకుముందు వారం అదే రైల్లో, అదే దూరంలో, వేరే నవల 27 పేజీలు చదివాను. మిగతా దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మూడోసారి అక్షరాల సైజు అనుమానం వచ్చి కిండిల్‌లో పెద్ద ఫాంట్ పెట్టి చదివాను. గంటకు 18. ఫాంట్ తప్పు కాదు. పనిలో పనిగా చెప్తున్నాను, పడుకుని చదవడానికి కిండిల్‌ను మించింది లేదు, కానీ ఫాంటసీకి నాకు కాగితమే కావాలి. 40వ పేజీలో చెప్పిన శాపం 210లో తిరిగొస్తే వేలు పెట్టి వెనక్కి వెళ్లి చూడాలి, అది తెర మీద ఆ వేగంతో కుదరదు.

ఆ మూడోసారే ఇంకొకటి గమనించాను. నా కాగితం ప్రతి పాతది కదా, నాకంటే ముందు చదివినవాళ్లు పెన్సిల్‌తో గీతలు గీశారు. 19వ అధ్యాయం దాకా ప్రతి రెండు మూడు పేజీలకూ గీత ఉంది. చివరి గీత 236లో. 241వ పేజీ మూల మడిచి ఉంది. ఆ తర్వాత 612 దాకా కాగితం కొత్తదానిలా ఉంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కూడా అక్కడే ఆగిపోయారు. అది చూశాక లోపం నాలో కాదు, పుస్తకంలోనే ఉందని గట్టిగా అనిపించింది. ఎక్కడుందో కనిపెట్టకుండా వదలకూడదనుకున్నాను.

మొదటి అనుమానం పేర్లు. ఫాంటసీలో పేర్లు ఎక్కువైతే నాకు తల తిరుగుతుంది. లెక్కపెట్టాను. 232 పేజీల్లో 31 పేర్లు, 233 నుంచి 310 వరకు కొత్తవి రెండే. పేర్లు తగ్గినచోట వేగం పెరగాలి కదా. కొట్టేశాను. రెండోది వాక్యాల పొడవు. అటు 20, ఇటు 20 వాక్యాలు తీసుకుని మాటలు లెక్కపెడితే సగటున 14, 15. తేడా లేదు. మూడోది, ప్రేమకథ పక్కకు పోయి యుద్ధాలు ఎక్కువయ్యాయేమో అని. ఇది పూర్తిగా తలకిందులైంది. ఇద్దరూ కలిసి కనిపించే పేజీలు మొదటి 232లో 96, అంటే 41 శాతం. తర్వాతి 78 పేజీల్లో 66, దాదాపు 85 శాతం. ప్రేమ రెట్టింపు అయింది, చదివే వేగం సగానికంటే తక్కువైంది. ఇది చూసి రెండు రోజులు నోట్‌బుక్ ముట్టుకోలేదు.

నాలుగో ప్రయత్నం ఈ వారమే. వదిన మర్నాటి బతుకమ్మకు గునుగు పూలకు రంగులద్దుతూ కూర్చుంది. నేను పక్కన కూర్చుని పేజీ చదవడం, అక్కడికక్కడ తెలుగులో చెప్పడం. మొదటి రాత్రి 200 నుంచి 232 వరకు. ఆ 33 పేజీల్లో వదిన నన్ను 14 సార్లు ఆపింది. "ఆ కత్తి ఎందుకు దాసిందే?" "వాడు చూసిండా మరి?" "నేనైతే ఆ మందు ఇయ్యకపోదు." రెండో రాత్రి 233 నుంచి 252 వరకు. 20 పేజీల్లో రెండే ప్రశ్నలు, అందులో ఒకటి టైమెంతైందని. చివరికి తంగేడు పూల సంచి మూతి కడుతూ అంది: "ఇగ ఆ పిల్ల ఏం జేస్తలేదు గదనే. అన్నీ ఆ ముడే జేస్తుంది."

నాకు దొరకంది అదే.

233వ పేజీలో ఏం జరుగుతుందంటే, అతను ఆమె చెయ్యి పట్టుకోగానే ఇద్దరి మధ్య బంగారు దారం కనిపిస్తుంది. పుట్టకముందే రాసిపెట్టిన జంట అని తెలుస్తుంది. ఫేటెడ్ మేట్స్. వదిన ముడి అన్నది దీన్నే. తోడేళ్ల కథల్లో ఇది అలవాటైన సంగతే, 2005లో మొదలైన ట్వైలైట్ సిరీస్‌లో తోడేళ్లకు ఒక్క చూపుతో పడే బంధం, ఇంప్రింట్ కూడా ఈ జాతిదే. ఆ పేజీ నుంచి ఆమెకు అనుమానం లేదు, భయం లేదు, కత్తి ఊసే లేదు.

వెంటనే కొత్త లెక్క మొదలుపెట్టాను. హీరోయిన్ సొంతంగా తీసుకున్న నిర్ణయాలు. నియమాలు రెండు: ఇంకో దారి కూడా ఉండి ఆమె ఒకటి ఎంచుకోవాలి, దానివల్ల తర్వాతి సీన్ మారాలి. 1 నుంచి 19 అధ్యాయాల్లో 52 నిర్ణయాలు, అధ్యాయానికి 2.7. చదవలేక ఆగిన 20 నుంచి 26 దాకా అధ్యాయాలను లెక్క కోసమే పేజీలు తిరగేశాను, ఏడింటిలో కలిపి మూడు. "వద్దు", "రాను", "చెప్పను" లాంటి నిరాకరణలు మొదటి భాగంలో 21, రెండో భాగంలో ఒక్కటి, అదీ జ్వరంలో గంజి వద్దనడం. నా లెక్క నాకే అనుకూలంగా వచ్చిందేమోనని మూడు అధ్యాయాల కథ వదినకు వివరంగా చెప్పి, నా అంకె చూపించకుండా లెక్కపెట్టమన్నాను. నాకు 8, వదినకు 7.

ఫేటెడ్ మేట్స్ అంటేనే నాకు పడదని కాదు. పోయిన ఏడాది చదివిన ఒకదాంట్లో ఇదే ముడి ఉంది, కానీ ఇద్దరూ పది మైళ్లు దూరమైతే ఒళ్లంతా మంట. ఆ అమ్మాయి పన్నెండు మైళ్లు నడుస్తుంది. మంటతోనే. ఆ పుస్తకం మధ్యలో కింద పెట్టలేకపోయాను. ముడికి ధర ఉండాలి, ఆమెకు వద్దనే హక్కు ఉండాలి. దారం కనపడగానే కథ రాసినవారు ఆ రెండూ లాగేసుకుంటే ఇక నేను పేజీ ఎందుకు తిప్పాలి?

మన దగ్గర ఈ సంగతి ఎప్పుడో తెలుసు. డిగ్రీలో పాఠంగా చదివిన మనుచరిత్రే చూడండి. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం రాసుకుని హిమాలయాలకు పోతాడు, మంచుకు లేపం కరిగిపోతుంది, తిరిగి రాలేడు. ఆ మాయకు ఎంత చక్కటి హద్దు! అక్కడ అప్సరస వరూధిని మనసు పడితే మామూలు మనిషి వద్దంటాడు. 16వ శతాబ్దంలో పెద్దన ఆ ఒక్క నిరాకరణ మీద ఎంత కథ నడిపాడో. అతను కాదన్నాడు కాబట్టే గంధర్వుడు ప్రవరుడి వేషంలో రావాల్సి వచ్చింది. అవ్వ చెప్పిన బాలనాగమ్మ కథలోనూ అంతే. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది, బాలనాగమ్మ వ్రతం ఉందని చెప్పి వాణ్ణి ఏళ్ల తరబడి దగ్గరికి రానివ్వదు. అవ్వ అక్కడికి వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించేది, మేము ఇంకా దగ్గరికి జరిగేవాళ్లం.

కారణం దొరికింది కదా, రివ్యూ రాసేద్దామంటే అక్కడ ఇంకో చిక్కు. నాలుగో వంతు దాటిన కథ రివ్యూలో చెప్పను. 612లో నాలుగో వంతు 153. జబ్బు 233లో ఉంది, అంటే 38 శాతం దగ్గర. స్పాయిలర్ లేకుండా జబ్బు పేరు చెప్పలేను. మొదటి డ్రాఫ్ట్ 420 మాటలు, అంతా కోపమే, చింపేశాను. రెండోదాంట్లో "మూడో వంతు దాటాక వేగం తగ్గుతుంది" అని రాశాను, అది ఏ పుస్తకానికైనా సరిపోయే మాట. మూడోది ఇప్పుడు 260 మాటల దగ్గర ఉంది. దారం గురించి చెప్పకుండా వదిన ప్రశ్నల లెక్క రాశాను: 33 పేజీలకు 14, 20 పేజీలకు 2. ఇది నిలబడేలా ఉంది.

ఆ ముడికి తెలుగు మాట కోసం కూడా చాలా తన్నుకున్నాను. జత అంటే ఎద్దుల జత. బ్రహ్మముడి అంటే పెళ్లే అయిపోయిందనుకుంటారు. జన్మబంధం మరీ సినిమాగా ఉంది. రుణానుబంధం దగ్గర ఆగాను. అందులో బాకీ ఉంది, తీర్చాల్సినది ఉంది, ఆ నవలకు లేనిదంతా ఆ మాటలో ఉంది. షిఫ్టర్‌కు, అంటే రూపం మార్చుకునే పాత్రకు, కామరూపి అనే మాట ముందే ఉంది, దాన్నే వాడుతున్నాను.

అట్ట మీద, ప్రకటనల్లో ట్రోప్ (కథల్లో పదేపదే వచ్చే అలవాటు మలుపు) పేర్లు వరసగా వేసే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఈ పుస్తకం వెనక అట్ట మీదే మేట్స్ అని వేశారు. అది ముందే చదివి ఉంటే 233 దాకా ఉన్న టెన్షన్ కూడా నాకు దక్కేది కాదు. అంచులకు రంగులద్దిన ఎడిషన్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టడం కన్నా అదే డబ్బుకు ఆబిడ్స్‌లో మూడు పుస్తకాలు తెచ్చుకోవడం మేలు. స్టార్లలో అర స్టారు లేనిచోట నేను రేటింగే ఇవ్వను.

ఐదో ప్రయత్నం పండుగ అయ్యాక. ఈసారి 233 నుంచి 310 వరకు వదిలేసి, 311 నుంచి వదినకు చెప్తాను. మధ్యలో ఏం జరిగిందో చెప్పకుండా. ఆమె ప్రశ్నలు మళ్లీ పది దాటితే పుస్తకం బతికినట్టే, రేటింగ్ మారుస్తాను. దానికి ముందు కొత్త పట్టిక గీసి పెట్టుకున్నాను, మూడు గడులు: నిర్ణయాలు, నిరాకరణలు, మాయకు చెల్లించిన ధర. దాన్ని మొదట పింగళి సూరన కళాపూర్ణోదయం మీద పెట్టి చూడాలి. అందులో మణికంధరుడు నలకూబరుడి రూపంలో, కలభాషిణి రంభ రూపంలో కలుస్తారు. ఇద్దరూ వేషాల్లోనే ఉన్న ప్రేమ సీన్‌లో ఎవరి నిర్ణయం ఎవరి గడిలో వేయాలో ఇంకా తేల్చుకోలేదు. పద్యాలు నాకు అంత వేగంగా అందవు, వచన రూపం దొరుకుతుందేమో వచ్చే ఆదివారం వెతకాలి. ఆ తర్వాత మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు, 12 భాగాలు, మజిలీకి ఒక కథ చొప్పున.

ఇంకో చిన్న పని ఉంది. నేను చదువుతున్న ఒక సీరియల్‌లో నల్గొండ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ మనిషి రూపం దాల్చే సీన్ ఉంది. సాయంత్రం మాత్రమే నీడ పడుతుందని రాశారు. కానీ ఆ గుడి విశేషమే అది కదా, సూర్యుడు ఎటు తిరిగినా లింగం మీద స్తంభం నీడ పగలంతా ఉంటుంది. పగలంతా కదలకుండా నిలబడే నీడ ప్రేమలో పడితే కథ ఇంకా బాగుండేది, ఆ మాట రివ్యూలో రాయాలి. రాసే ముందు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అక్కడ నిలబడి నా కళ్లతో చూసి రావాలి. వదిన కూడా వస్తానంది.