నాగుల చవితికి మైకు కట్టాం

పోయినేడు సార్వా కోతల్లో మా పక్కింటి బాబాయిగారిని పాము కరిచింది. కోసిన వరి పన కట్టడానికి వంగితే దాని కింద రక్తపింజర ఉంది. కుడిచేతి చూపుడువేలు మీద కాటేసింది. అక్కడున్నవాళ్లు తువ్వాలు చించి మోచేతి పైన బిగించి కట్టి, బండెక్కించి, పక్కూళ్లో పసరు పోసే తాతగారి దగ్గరికి తీసుకెళ్లారు. ప్రభుత్వాసుపత్రి ఆ దారిలోనే ఉంది. దాని గేటు ముందు నుంచే వెళ్లారు. మూడు గంటలు గడిచి, చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలయ్యాక అప్పుడు ఆసుపత్రి గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి కాకినాడ. కిడ్నీలు దెబ్బతిని మూడు వారాలు డయాలసిస్. మనిషి దక్కారు, వేలు దక్కలేదు.

నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఊరు ముమ్మిడివరానికి దగ్గర్లోనే. ఆరోజు బండి నడిపిన కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే. పాము విషం గురించి పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నకి నాలుగూ తెచ్చుకున్నవాడు. "కంగారులో గుర్తు రాలేదండి మేడంగారూ" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు. పుస్తకంలో చెప్పింది పుస్తకంలోనే ఉండిపోయిందని అర్థమైంది.

పాము కరిస్తే ఏం చెయ్యాలో ఊరందరికీ చేరాలని మొదట మా లోకల్ కేబుల్ చానల్‌కి వెళ్లాను. స్క్రోలింగ్ ఉచితంగా వేస్తామన్నారు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. ఆ అంకె పెట్టి, కింద జాగ్రత్తలు రాసిచ్చాను. వారం రోజులు తిరిగింది. బట్టల షాపు ఆఫర్‌కీ, అద్దెకివ్వబడును ప్రకటనకీ మధ్యలో. మా అత్తగారు రోజూ ఆ చానల్లోనే సినిమా చూస్తారు. ఏం రాసుందత్తయ్యా అంటే "ఏదో పాములు పన్నెండు లక్షలున్నాయంట" అన్నారు. ఇక అడగలేదు.

తర్వాత పేపరు. జిల్లా ఎడిషన్‌కి రాసే విలేకరి ఒకాయన మంచివాడే. రాస్తానన్నాడు, కానీ పడగ విప్పిన నాగుపాము ఫొటో కావాలన్నాడు. మా చేలల్లో కరిచేది ఎక్కువగా రక్తపింజర, రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కట్లపాము, ఆ ఫొటోలు వెయ్యండని బతిమాలాను. చివరికి వచ్చింది నాగుపామే. పైన శీర్షిక 'కోనసీమలో పాముల కలకలం'. జనానికి భయం వేసింది, ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. ఆ కటింగ్ దాచుకున్నాను, కసికొద్దీ.

ఈ రెండూ అయ్యాక మా వారు ఒక మాట అన్నారు. "జనాన్ని ఆసుపత్రికి పంపుతావు సరే, అక్కడ మందుందో లేదో కనుక్కున్నావా?" కనుక్కోలేదు. సిగ్గేసింది. మర్నాడే వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ మొదట చిరాకు పడింది, ఫిర్యాదు చెయ్యడానికి వచ్చాననుకుంది. తర్వాత ఫ్రిజ్ తీసి చూపించింది. పాము విషానికి విరుగుడు ఇంజక్షన్ సీసాలు వరసగా ఉన్నాయి, లోపల తెల్లటి పొడి. ఒకే మందు నాలుగు రకాలకి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. అందుకే పాముని చంపి సంచిలో తేనక్కర్లేదు. శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారట. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్టే. ఇంత తేలిక పరీక్షా అని నోరెళ్లబెట్టాను.

ఇక మైకే దిక్కనుకున్నాను. మా వైపు చేపలొచ్చినా, కూరగాయలొచ్చినా, ఎవరైనా పోయినా ఆటో మైకులోనే తెలుస్తుంది. ఒక కాగితం మీద రాసుకుని కోతల ముఠాకి మేస్త్రిగా ఉన్న ఆవిడకి చదివి వినిపించాను. "కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, పీల్చొద్దు, నడిపించొద్దు, పాముని వెతకొద్దు..." ఆవిడ చుట్ట ఆర్పి, "అన్నీ వద్దంటున్నారు, మరేం చెయ్యాలమ్మా?" అంది. కింద రాసింది చదివాను: చెయ్యి కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టండి. పకపకా నవ్వింది. "ఇప్పుడేగా కట్టొద్దన్నారు!"

ఆ నవ్వుకి నా కాగితం మొత్తం మారిపోయింది. చేయాల్సినవి ముందుకొచ్చాయి. కర్ర, వదులు, బిగువు అన్నీ తీసేసి, "చెయ్యి విరిగితే ఎలా కదపకుండా పట్టుకుంటారో అలాగే పట్టుకోండి" అని పెట్టాం. ఆ మాట మేస్త్రిదే. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసెయ్యమని చేర్చాం, వాచిపోతే తర్వాత రావు కాబట్టి. 108కి ఫోన్ చెయ్యమని చివర్లో రెండుసార్లు. మొత్తం 40 సెకన్లు.

గొంతు ఎవరిదన్నది మిగిలింది. నా గొంతు టీచరు గొంతు, విన్నవాడు ముందు చేతులు కట్టుకుంటాడు, తర్వాత మర్చిపోతాడు. పసరు తాతగారి దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన మేస్త్రిదే. నాకు ఇష్టం లేదు. బాబాయిగారి వేలు గుర్తొస్తూనే ఉంది. అయినా వెళ్లాను.

ఆయనకి ఎనభై దాటాయి. అరుగు మీద కొబ్బరాకు ఈనెలు చీరుతూ కూర్చున్నారు. నేను గొడవకొచ్చాననుకుని, నేను అడక్కముందే ఆయనే చెప్పుకొచ్చారు. "నీరుకట్టె కరిచినోడు ఎలాగూ బతుకుతాడమ్మా. జెర్రిపోతు కరిచినోడూ బతుకుతాడు. తాచు కూడా ఒక్కోసారి ఉత్తినే కరుస్తాది, విషం దింపదు. ఆళ్లందరూ నా పసరుకే బతికారంటారు. పింజర కరిచినోణ్ణి నేను ఎప్పుడూ నిలబెట్టలేదు." ఈ ముక్క నేను పదిహేనేళ్లుగా క్లాసులో చెబుతున్నదే. ఆయన నోట వింటే ఒళ్లు జలదరించింది.

మైకులో చెప్పడానికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. "ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక నా దగ్గరికొచ్చి తాడు కట్టించుకోండి" అని కూడా చెబుతానన్నారు. డాక్టరమ్మని అడిగితే కాసేపు ఆలోచించి, "తాడే కదా, పసరు కాదు కదా, ఇంటికెళ్లాకే కదా, కానివ్వండి" అంది. నాకిప్పటికీ ఇది సరైందో కాదో తెలీదు. కానీ ఆ తాడు లేకపోతే ఆ గొంతు దొరికేది కాదు.

రికార్డింగ్ మా ఇంట్లోనే, ఫోన్లో. ఫ్యాను ఆపేశాం, తలుపులు మూశాం. మూడుసార్లు పెరట్లో కోడి కూసింది. నాలుగోసారి తాతగారు కాగితం పక్కన పెట్టేసి, "ఒరే అబ్బాయిలూ, నేను చెబుతున్నా" అని మొదలెట్టారు. అదే ఉంచేశాం, కోడితో సహా.

నాగుల చవితి రోజు ఎంచుకున్నాను. ఊళ్లో ఆడవాళ్లందరూ పుట్టలో పాలు పోసి, పొరపాటున తొక్కితే మన్నించమని దణ్ణం పెట్టుకునే రోజు. పాముకి పాలు అరగవన్న సంగతి ఆరోజు ఎత్తలేదు. ఒకేసారి రెండు తగువులెందుకు? మైకు పర్మిషన్‌కి స్టేషన్ చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఉదయం ఆరు లోపు మోగకూడదన్నారు. ఐదింటికే పాలు పోసి వెళ్లిపోయినవాళ్లు ఎటూ వినలేదు. ఆటోకి రోజుకి 1,500 చొప్పున మూడు రోజులు, పంటు రేవు దాకా, కొబ్బరి తోటల సందుల్లో కూడా తిప్పాం. "ఒరే అబ్బాయిలూ" అనగానే జనం ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. పిల్లలైతే రెండో రోజుకే ఆయన గొంతు అనుకరించడం మొదలెట్టారు, కోడి కూతతో సహా.

కోతలు మొదలైన పదో రోజు ఒకాయన బజార్లో నన్ను ఆపాడు. గట్టు మీద కాలికి పాము కరిస్తే, తాతగారి మాట గుర్తొచ్చి నేరుగా ఆసుపత్రికే వెళ్లాడట. రక్తం మామూలుగానే గడ్డకట్టిందట, అయినా ఒక రోజంతా మంచం దిగనివ్వలేదట. తీరా చూస్తే అది నీరుకట్టె.

"ఒక రోజు కూలి పోయిందండి మీ మైకు వల్ల" అన్నాడు. మణికట్టుకి తాతగారి తాడు కొత్తగా మెరుస్తోంది.