ఒహాయోలో చెల్లే పెళ్లి, హైదరాబాద్‌లో చెల్లదు

మా అమ్మాయి తను ప్రేమించిన అమ్మాయినే పెళ్లి చేసుకుంటానని చెప్పినప్పటి నుంచి నేను చట్టాలు చదవడం మొదలుపెట్టాను. పిల్ల పెళ్లంటే ముహూర్తం, పట్టుచీరలు, కేటరింగ్ గురించి ఆలోచిస్తాం కదా. నాకు మాత్రం ముందు వచ్చిన టెన్షన్, ఈ పెళ్లి ఎక్కడెక్కడ చెల్లుతుంది అని.

మేముండేది ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి దగ్గర. అమెరికా అంతటికీ ఈ హక్కు తెచ్చిన కేసు ఈ ఊరివాళ్లదే. జిమ్ ఓబర్‌గఫెల్, జాన్ ఆర్థర్ ఇరవై ఏళ్లుగా కలిసి బతుకుతున్నారు. జాన్‌కి కండరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్ఎస్ జబ్బు చేసి మంచాన పడ్డారు. ఒహాయో 2004లోనే రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి ఇలాంటి పెళ్లిళ్లు చెల్లవంది. దాంతో 2013 జులైలో అయినవాళ్లంతా తలా కొంత వేసుకుని మెడికల్ విమానం మాట్లాడితే, ఇద్దరూ మేరీలాండ్ వెళ్లారు. బాల్టిమోర్ విమానాశ్రయంలో, ఆ విమానం దిగకుండానే పెళ్లి చేసుకుని తిరిగొచ్చారు. పెళ్లి జరిపించింది జాన్ ఆంటీ.

తర్వాత ఒక లాయరు వాళ్లకి ఖాళీ మరణ ధ్రువపత్రం చూపించి, జాన్ పోయాక జీవిత భాగస్వామి అన్నచోట జిమ్ పేరు రాయరని చెప్పారు. కేసు అక్కడ పుట్టింది. మా నాన్నగారు పోయినప్పుడు పెన్షన్ కోసం అమ్మ ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. అన్ని కాగితాల్లోనూ భార్యగా పేరున్న మనిషికే అంత తిప్పలైతే, అసలు పేరే రాయం పొమ్మంటే ఏమైపోవాలి? జాన్ ఆ అక్టోబర్‌లోనే చనిపోయారు. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో జిమ్ పక్షాన తీర్పు చెప్పింది.

అయినా నాకు పూర్తిగా ధైర్యం లేదు. 2022లో అదే కోర్టులోని జస్టిస్ థామస్ ఆ తీర్పును మళ్లీ చూడాలని రాశారు. 2025 నవంబర్‌లో దాన్ని తిరగదోడమని వచ్చిన పిటిషన్‌ను కోర్టు తీసుకోలేదు కాబట్టి ప్రస్తుతానికి గండం గడిచింది. ఒహాయోలో ఆ పాత సవరణ మాత్రం ఇంకా పుస్తకాల్లో అలాగే ఉంది.

బంధువుల్లో కొందరు "అక్కడ పెంచితే ఇంతే, అమెరికా గాలి సోకింది" అన్నారు. ఈ మాట నాకు చాలా కోపం తెప్పించింది. ఇండియాలో ఈ హక్కు కోసం సుప్రీంకోర్టుకెళ్లిన కేసులో మొదటి పేరు హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తిది. ఆయన, అభయ్ డాంగ్ 2021 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోనే తమవాళ్ల మధ్య వేడుక చేసుకున్నారు. వాళ్లకే గాలి సోకిందట?

2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. కనీసం పెళ్లితో సమానమైన బంధంగా గుర్తించడానికి కూడా ముగ్గురు ఒప్పుకోలేదు. పిల్లల్ని జంటగా దత్తత తీసుకునే విషయంలోనూ అంతే. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి.

ఇది మా ఇంటికి నేరుగా తగిలే సంగతి. అమ్మాయికి ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లు వీసా లేకుండా ఇండియా రావడానికి ఇచ్చే కార్డు, ఉంది. అబ్బాయిని చేసుకుని ఉంటే, పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాక అతనికీ ఓసీఐ అడగొచ్చు. న్యూయార్క్‌లో పెళ్లయిన ఇద్దరు మగవాళ్ల జంట ఒకటి సరిగ్గా ఇదే అడుగుతూ 2021లో ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. మా కోడలు, నేను అలాగే అంటున్నాను, విజయవాడ రావాలంటే టూరిస్టు వీసా మీద రావాలి. అక్కడ అమ్మాయిని ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే సంతకం పెట్టే చోట తనెవరని చెప్పుకోవాలి?

మా అమ్మ మాత్రం ఫోన్‌లో "ఆ పిల్ల మన కారం తినగలదటే?" అని అడిగి, ఇద్దర్నీ తీసుకురమ్మంది.

చట్టం చేయాల్సింది పార్లమెంటేనని కోర్టు చెప్పింది. ఇక్కడ జరిగే తెలుగు మహాసభలకు మన ఎంపీలు వస్తూనే ఉంటారు. శాలువాలు కప్పించుకుని, సంస్కృతిని కాపాడుతున్నారని మనల్ని మెచ్చుకుని వెళ్తారు. ఆదివారాలు తెలుగు బడికి, కూచిపూడికి తిప్పి నేను పెంచిన పిల్లే ఇది. మతంతో పనిలేకుండా పెళ్లి రిజిస్టర్ చేసే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌లో తనకి చోటెప్పుడిస్తారని ఈసారి వాళ్లని ఎదురుగా నిలబడి అడుగుతాను.